బెజ్జాల పళ్లెం

న్యూమెక్సికోలోని అపాచీ పాయింట్ అబ్జర్వేటరీలో చాలా ఏళ్లు ఒక పగటి పని సాగింది. రాత్రికి టెలిస్కోపుకు బిగించే అల్యూమినియం పళ్లేనికి సన్నని గాజు తీగలు గుచ్చడం. ఆకాశంలో గెలాక్సీ ఎక్కడుందో లెక్కగట్టి, పళ్లెంలో సరిగ్గా ఆ చోటే సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో బెజ్జం వేసి పంపేవారు. పళ్లేనికి మొదట్లో 640 తీగలు, 2009లో మొదలైన గెలాక్సీల సర్వేలో 1000. అన్నీ చేత్తోనే! ఏ తీగ ఏ బెజ్జంలో పడిందో తర్వాత వెలుగు పంపి యంత్రం గుర్తుపట్టేది. తీగ విరక్కుండా, బెజ్జం తప్పిపోకుండా చూసుకోవడం మాత్రం వేళ్ల పనే. మల్లెలు మాల కట్టేవాళ్లను అడగండి, ఆ ఓపికేమిటో చెబుతారు.

ఆ తీగల్లోంచి దిగిన వెలుగును విడదీసి చూస్తే భారీ ఎర్ర గెలాక్సీల వయసు బయటపడింది. వాటి నక్షత్రాల్లో అత్యధికం వందల కోట్ల ఏళ్ల కిందటే పుట్టేశాయి. కొత్తవి పుట్టడం దాదాపు ఆగిపోయింది. నడిమధ్య కృష్ణబిలం చుట్టూ ఉన్న వాయువును చల్లారనివ్వకపోవడం అందుకొక కారణమంటారు. ఆ తర్వాతి పెరుగుదల చాలావరకు చిన్న గెలాక్సీలను కలిపేసుకుని వచ్చిందే.

ఇప్పుడా తీగలను రోబోలు కదుపుతున్నాయి. వాడేసిన పళ్లేలు కొన్ని బడులకు చేరాయి.