అడిగి తెరిచే దారి

ఒక కేబుల్ తెగితే ఇంకొకటి ఉంటుందని స్విచ్‌ల మధ్య రెండో కేబుల్ వేస్తాం. ఆ జాగ్రత్తే లూపు కట్టి కొంప ముంచుతుంది. ఐపీ ప్యాకెట్‌కు రౌటర్ దాటినప్పుడల్లా తరిగే ఆయుష్షు ఉంది. ఈథర్‌నెట్ ఫ్రేముకు అది లేదు. లూపులో పడ్డ బ్రాడ్‌కాస్ట్ గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది. కొత్తవి వచ్చి కలుస్తాయి. కాసేపటికే నెట్‌వర్క్ మొత్తం ఊపిరాడక చతికిలబడుతుంది.

దీనికి విరుగుడు కనిపెట్టింది డెక్ కంపెనీలో పనిచేసిన రాడియా పెర్ల్‌మన్. 1985లో వచ్చిన ఆమె పత్రానికి సారాంశం ఒక చిన్న కవిత! తీగలేవీ పీకకుండా, కొన్ని పోర్టులు మాత్రం మూసి, వలను చెట్టుగా మార్చడం ఆ స్పానింగ్ ట్రీ కిటుకు. స్విచ్‌లు బీపీడీయూ అనే కబుర్లు పంపుకుని ఒకదాన్ని రూట్‌గా ఎన్నుకుంటాయి. మిగతావి దాన్ని చేరే చవకైన దారి ఉంచుకుని, లూపు కట్టే దారులు మూసేస్తాయి.

పద్ధతి భద్రమే కానీ మహా నింపాది. ఎక్కడో లైను తెగితే, పాత సమాచారం చెల్లిపోయేదాకా 20 సెకన్లు, ఆపైన వినడానికి 15, నేర్చుకోవడానికి 15. మొత్తం 50 సెకన్లు పట్టవచ్చు.

2001లో వచ్చిన 802.1డబ్ల్యూ, అంటే ర్యాపిడ్ స్పానింగ్ ట్రీ, గడియారాన్ని తొందరపెట్టలేదు. అందరికీ కబురు అందే ఉంటుందిలే అని కాచుక్కూర్చునే బదులు, పక్కవాణ్ణి అడగడం నేర్పింది. కొత్త లింకు లేవగానే పై స్విచ్ ‘తెరవనా?’ అని ప్రతిపాదిస్తుంది. కింది స్విచ్ రూట్‌కు ఇదే మేలైన దారని తేల్చుకుని, ముందు తన కిందివైపు పోర్టులు మూసి, ఆ తర్వాతే ‘సరే’ అంటుంది. పై పోర్టు వెంటనే తెరుచుకుంటుంది. ఇక ఆ కింది స్విచ్ తన కిందివాటిని అడుగుతుంది. మూత ఒక్కో మెట్టూ దిగుతూ అంచుకు చేరుతుంది. తెరవబోయే ముందు మూయడమే ఇందులోని పనితనం. రూట్ వైపు పోర్టు పోతే, ఆల్టర్నేట్‌గా కాచుకున్న పోర్టు ఎవరినీ అడగకుండానే ఆ పని అందుకుంటుంది.

ఇంత నేర్పైన యంత్రాంగమూ కాన్ఫిగర్ చేసేవాడి చేతిలోనే ఉంది. ర్యాపిడ్ మోడ్ ఆన్ చేసి వదిలేస్తే సరిపోదు. అన్నిటికీ డిఫాల్ట్ ప్రయారిటీ 32768 కనుక, తక్కువ మ్యాక్ అడ్రసున్నది రూట్ అవుతుంది. అది మూలన దుమ్ముపట్టిన పాత స్విచ్ కావచ్చు. తక్కువ అంకెదే గెలుపు కనుక, పనెరిగినవాడు కోర్ స్విచ్‌కు 4096, దాని జోడీకి 8192 ఇస్తాడు. కంప్యూటర్లున్న పోర్టులను ఎడ్జ్ అని ప్రకటిస్తాడు. కంప్యూటర్ ‘తెరవనా?’ అన్నదానికి బదులివ్వదు కదా! ఎడ్జ్ అని చెప్పకపోతే చాలా స్విచ్‌లలో ఆ పోర్టు 30 సెకన్లు కాచుకుంటుంది. అక్కడే బీపీడీయూ గార్డ్ కూడా పెడతాడు. ఎవరైనా తెలియక స్విచ్ తగిలిస్తే ఆ పోర్టు మూతపడుతుంది. చివరగా డ్యూప్లెక్స్ చూస్తాడు. ఒక లింకు హాఫ్ డ్యూప్లెక్స్‌లో పడిందంటే స్విచ్ దాన్ని ఇద్దరి మధ్య లైనుగా లెక్కించదు. అక్కడ అడగడాలుండవు, మళ్లీ పాత గడియారమే.

అన్నీ అయ్యాక పింగ్ నడుస్తుండగా తనే కేబుల్ పీకుతాడు. ఒకటో రెండో జవాబులు తప్పిపోయి, వరస మళ్లీ అందుకుంటుంది. పీకిన కేబుల్ తిరిగి పెట్టేసి, పోర్టుల పట్టికలో ఒకటి ఎప్పటిలా ‘ఆల్టర్నేట్, డిస్కార్డింగ్’ అని, అంటే మూసి కాచుకుని ఉన్నట్టు, కనిపించాకే ర్యాకు తలుపు వేస్తాడు.