తరగతిలో ‘కాసులు’

గురజాడ అప్పారావుగారి ‘కాసులు’ పరిమాణమున చిన్న కవిత. బడిలో చెప్పుటకు మాత్రము పెద్ద చిక్కు గలది. 1910లో ‘ముత్యాల సరములు’తో ఆయన తెరచిన క్రొత్త త్రోవకు చెందినదే యిదియును. ‘పూర్ణమ్మ’ను, ‘కన్యక’ను మా ఉపాధ్యాయులు ధైర్యముగా చెప్పుదురు, వానిలో కన్నీరున్నది, కన్నీటి యెదుట నెవ్వరును సిగ్గుపడరు. ‘దేశభక్తి’ని పిల్లలచే పాడింతురు. ‘కాసులు’ కడకు వచ్చునప్పటికి గొంతు సవరించుకొని పుట త్రిప్పుదురు.

ఈ సంకోచమునకు కారణము శృంగారము కాదు. వరూధినీ ప్రవరుల కథను ఇదే తరగతులలో, ఇదే ఉపాధ్యాయులు, అలంకారములు విడదీసి, రసము పేరు చెప్పి, తడబాటు లేక బోధించుచున్నారు. అచట మాటలాడునది అచ్చరకన్నె. హిమవత్పర్వతము మన యూరికి చాల దూరము. ‘కాసులు’లో మాటలాడువాడు ఒక మగడు. అతడు మన వీధిలోని యే యింటనైనను ఉండవచ్చును. అతడు చెప్పుచున్నది ఆ యింటి లెక్కలను తారుమారు చేయు మాట. కనుకనే భయము.

విజయనగరమునకు చేరువనున్న మా పద్మనాభమున, 1794 జూలై 10వ తేదీన చిన విజయరామరాజు కుంపిణీ సేనతో పోరి మడిసిన కొండ క్రింద, నేను పదునాలుగు పదునైదేండ్ల బాలబాలికలకు తెలుగు చెప్పుచున్నాను. గురజాడవారి మాట వారికి పరాయిది కాదు. ఆ యాస వారి యిండ్లలోనిదే. అయినను ఈ కవితను నేను కవి పేరు చెప్పకయే వారి చేతికిచ్చితిని. ఇది నా స్వంత యుక్తి కాదు. ఐ.ఏ. రిచర్డ్స్ కేంబ్రిడ్జిలో కవుల పేర్లు తీసివేసి పద్యములను విద్యార్థుల ముందుంచి, వారు వ్రాసిన యభిప్రాయములను పరీక్షించి 1929లో ఒక గ్రంథము వెలువరించెను. పద్యమును చదువుటకు బదులు, తమలో ముందే సిద్ధముగానున్న భావములను దానిపై క్రుమ్మరించు అలవాటు చదువుకొన్నవారియందును ఎంత గాఢముగా నుండునో అందు కాననగును.

మా తరగతియందును అట్లే జరిగినది. ‘ప్రేమ’ యను మాట కనబడినంతనే మగపిల్లలు కొందరు ముసిముసి నవ్వులు నవ్విరి. ఇది సినిమాపాటవలె నున్నదని ఒకడనెను, నీతిపాఠమని మరియొకడు. ఆ మాట వెలుగులో మిగిలిన మాటలన్నియు మాసిపోయినవి. కవిత పేరు ‘కాసులు’ అను సంగతి యెవ్వరికిని పట్టలేదు.

కావున మొదట కాసులను గూర్చియే విచారించితిమి. భార్య కాసులు కోరినది. కాసులపేరు మా ప్రాంతపు ముసలమ్మల మెడలలో నేటికిని కొన్నియెడల కనబడు నగ; పిల్లలకు తెలిసినదే. కోరినదేమి, భర్త ఇచ్చెదనన్నదేమి అని అడిగితిని. అతడు తన హృదయమున ప్రేమ యను రత్నములు నింపుకొనినాడట. వానినే తొడవులుగా ధరింపుమని భార్యతో చెప్పుచున్నాడు. 1892లో ప్రదర్శింపబడి 1897లో అచ్చైన ‘కన్యాశుల్కము’లో కాసులతో కన్యను కొనిరి. ఇచట కొనుగోలు ముగిసి, కాపురము మొదలైన పిమ్మట, ఆ కాసుల లెక్క పడకటింటిలోనికి వచ్చినది. ఈ రెంటిని ఒక్క కవియే వ్రాయుట యాదృచ్ఛికము కాదని నా తలంపు.

పిమ్మట మాటలు. కవి ‘మరులు’ను ‘ప్రేమ’ను వేరుచేసినాడు. మరులు వయసుతో కూడ వెనుదిరిగి పోవునదని చెప్పుచు, ఆ నామము ప్రక్కనే ‘మరలుట’ యను క్రియను నిలిపినాడు. చెవికి రెండును ఒక్క కుదురునుండి వచ్చినట్లుండును. ఇంత చిన్న చమత్కారమును పిల్లలు తామే కనిపెట్టినపుడు వారి ముఖములు చూడవలెను! పిదప ‘నేస్తము’. మైత్రి యనవచ్చును, సఖ్యమనవచ్చును. ఆ మాటలెరుగనివాడు కాడు గురజాడ. పిల్లలు ఆటస్థలమున రోజుకు పదిమార్లు వాడు మాటను తెచ్చి భార్యాభర్తల నడుమ పెట్టినాడు. నడకయు నట్టిదే, మూడు మాత్రలు, నాలుగు మాత్రలు, మరల మూడు, నాలుగు. బల్లపై వ్రేళ్లతో తట్టి చూచుకొనిరి. ఉపన్యాసము వినబడవలసినచోట మాట వినబడుట ఈ నడక వలననే.

మగడు దైవమనునది పాతమాట, నేను నీకు ప్రాణమిత్రుడను అని భర్త చెప్పు చోట బాలికలందరు తలయెత్తిరి. రాయప్రోలు సుబ్బారావుగారి ‘తృణకంకణము’లోను ప్రేమ స్నేహముగా మారుచున్నది, కాని అచట నాయిక పరుని భార్య యైనందున, వేరు దారి లేక మారుచున్నది. గురజాడ స్నేహమును కాపురము మధ్యకే తెచ్చినాడు. ఇది కష్టతరమైన పని. దాంపత్యప్రేమ కాలముతో పక్వమగునని భవభూతి ‘ఉత్తరరామచరిత’మున చెప్పియున్నాడు, అయినను ఆ మాట చెప్పిన రాముడు ఆ యంకమందే సీతను అడవికి పంపినాడు. ఆ రాముడు రాజు, మగడు. సీతకు మిత్రుడు మాత్రము కాలేకపోయెను.

ఇంతవరకు తరగతి సాఫీగా సాగినది. అపుడొక బాలిక లేచి, “అయితే మాస్టారూ, ఆమెకు కాసులిచ్చాడా, లేదా?” అని అడిగెను. పిల్లలు నవ్విరి. నేను నవ్వలేదు; ఎందుకనగా ఈ కవితను గూర్చి అడుగదగిన ప్రశ్నలలో ఇదియే మొదటిది. 1910 నాటి హిందూ స్త్రీకి తండ్రి యాస్తిలో కొడుకుతోపాటు భాగము లేదు. 1956 నాటి వారసత్వ చట్టము, కూతురికి ఉమ్మడి యాస్తిలో పుట్టుకతోనే హక్కునిచ్చిన 1986 నాటి ఆంధ్రప్రదేశ్ సవరణ, దేశమంతటికిని వర్తించిన 2005 నాటి సవరణ ఇంకను రావలసియున్నవి. ఒంటిమీది బంగారమే ఆమె స్త్రీధనము. భర్త పోయినను, విడిచినను ఆమెను నిలుపునది అది. ఆమె కోరినది అలంకారమో, ఆధారమో ఎవరు చెప్పగలరు? కవితలో ప్రధానముగా మనకు వినబడునది మగని కంఠము. అది యెంత మధురమైనను పెట్టె తాళము అతని మొలనే యున్నది.

ఈ యాక్షేపణతో కవిత కూలిపోవునని నేననుకొనను. ప్రేమకు వెల కట్టరాదనుట సత్యమే. మిత్రులమని మగడే ఒప్పుకొనుట ఆనాడు సామాన్యమైన సంగతి కాదు. కాని ఆ బాలిక ప్రశ్న తరువాత ఈ కవితను నేను మునుపటివలె కమ్మగా చదువలేకున్నాను. అట్లుండుటయే మేలు. సంస్కర్త వ్రాసినంత మాత్రమున కవితకు ప్రశ్నలనుండి మినహాయింపు లేదు.

మాలో కొందరు, పిల్లలు దారి తప్పకుండ పాఠాంతమున నాలుగు హితవచనములు చెప్పవలెనందురు. ఈ నిధిని ఇండ్లలో నేర్పరని, గురువులు లేరని, శాస్త్రములు మౌనము దాల్చినవని, కవుల దయవలన తాను నేర్చితినని భర్త ఈ కవితలోనే చెప్పుచున్నాడు. అంత స్పష్టముగా తోసివేయబడిన గురువు, కవిత ముగిసినంతనే బెత్తము పట్టుకొని మరల వచ్చుట నవ్వుబాటు. కావ్యము కాంతవలె చెప్పునని మమ్మటుడు అన్నాడు గదా. ఆమె మాటలాడుచుండగా మనము నడుమ దూరనేల?

ఒక తండ్రి మాత్రము వచ్చి, ఈ వయసున ప్రేమపాఠములేల యని కోపించెను. పెద్దకూతురి పెండ్లి మాటలు సాగుచున్నవని, మగపెండ్లివారు అడుగుచున్న బంగారము తూగుట లేదని ఆయనయే చెప్పుకొనెను. కవితను ఆయన చేతికిచ్చితిని. నిలుచుండియే చదివి, మడిచి జేబులో పెట్టుకొని వెడలిపోయెను.

పరీక్షకు బదులు, భార్య ప్రత్యుత్తరమును ఆ నడకలోనే వ్రాయుడని పిల్లలను కోరితిని. పలువురు ఆమెచే కన్నీరు కార్పించి, భర్త పాదములపై పడవేసిరి. మిత్రుని పాదములపై పడుదురా యని అంచున వ్రాసి తిరిగియిచ్చితిని. కాసుల సంగతి అడిగిన బాలిక నాలుగే పాదములు వ్రాసినది. నేస్తమన్నావు, సంతోషము, అయినచో పెట్టెకు రెండవ తాళపుచెవి చేయించి నాకిమ్మని అందలి యర్థము. మూడవ పాదమున ఒక మాత్ర తగ్గినది. గుర్తుపెట్టి, దిద్దుకొని రమ్మంటిని.