గాలికి దోవుందా?

ఈ వారం నన్ను సంతోషపెట్టింది మా చిన్నమ్మ. ఆళ్లగడ్డ దాటడమే అరుదు, అలాంటి మనిషి డల్లాస్‌లోని మా మేనకోడలి డ్రయర్‌కు ఫోన్లోనే రోగం చెప్పేసింది.

యంత్రం తిరుగుతోంది, వేడెక్కుతోంది, గంట గడిచినా తువ్వాళ్లు మాత్రం తడితడిగానే వస్తున్నాయని ఆ పిల్ల గోల. నాకైతే పండగే. మిద్దె మీద దండెం ఉండగా కరెంటు ఎందుకు దండగ అనే నా పాత పాట ఈ కాలమ్ చదివేవాళ్లకు కంఠోపాఠం. ఎత్తుకునేలోపే చిన్నమ్మ ఫోన్ లాక్కుంది: "వేడొక్కటుంటే సాలదమ్మీ, గాలి పొయ్యేదానికి దోవుందేమో సూడు."

ఆమెకది వడ్లు నేర్పిన చదువు. కోతలప్పుడు నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు 40వ నంబరు జాతీయ రహదారి మీద వస్తే అంచు పొడుగునా వడ్లు ఆరబోసి ఉంటాయి. (రోడ్డు మీద ప్రాణాలు పోతాయి, ఊరూరా కల్లాలు కట్టించండని ఎన్నిసార్లు రాశానో!) తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో పేచీ. అందుకే ఎంత ఎండ కాసినా రైతు కుప్పగా వదలడు. పలచగా పరిచి, కాళ్లతో సాళ్లు తీస్తూ అడుగు గింజను పైకి తెస్తూనే ఉంటాడు. మబ్బు పట్టినా గాలి తోలితే ఆరతాయి. ఎండ మండిపోతున్నా పట్ట కప్పితే లోపల చెమర్చి ముక్కిపోతాయి.

డ్రయర్ చేసేదీ అదే. డ్రమ్ము బట్టల్ని తిరగేస్తుంటే వేడిగాలి తేమను ఎత్తుకుని 4 అంగుళాల గొట్టంలోంచి గోడ బయటికి పోవాలి. పోకపోతే బట్టలు ఆ ఆవిరిలోనే ఉడుకుతాయి. మేనకోడలు డ్రయర్ జల్లెడలో చేరే బట్టల నూగు ప్రతిసారీ తీస్తూనే ఉంది. అయినా ఆ జల్లెడ మీద నీళ్లు పోస్తే కిందికి దిగలేదు. బట్టలు మెత్తబడాలని వేసే వాసన కాగితాల జిడ్డు పొరకట్టింది. సబ్బు పెట్టి బ్రష్షుతో తోమింది. వెనక గొట్టం గోడకు నొక్కుకుని నలిగిపోయింది, బయటి మూత నూగుతో బిగుసుకుంది. అన్నీ సరిచేశాక తువ్వాళ్లు ఒక్క దఫాలో ఆరాయి. ఆ నూగుకు నిప్పంటుకునే గుణం కూడా ఉంది, అశ్రద్ధ పనికిరాదు.

మన సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషీన్‌లో పక్కనుండే తొట్టి నీళ్లు పిండుతుంది, అంతే. మిగతా పని గాలిదే. మరి శ్రావణం ముసురులో, మిద్దె తలుపుకు తాళమేసిన ఓనర్ల పుణ్యమా అని వంటింట్లో తాడు మీద వేలాడే బట్టలకు గాలి ఏది? ఆ ఇంటివాళ్లకు దండెం గొప్ప చెప్పలేను. డబ్బుంటే డ్రయరే కొనుక్కోండి. గొట్టానికి గోడకు కన్నం కావాలంటే మళ్లీ ఓనరే దిక్కు! లేదంటే ఒక కిటికీ తీసి, ఫ్యాను కింద, చొక్కాకూ చొక్కాకూ జానెడు ఎడంగా ఆరేయండి.

ఓనర్లూ, మిద్దె తాళంచెవి అద్దెవాళ్లకు ఇవ్వండి.