హమామత్సు నాదం, రెండు గొంతుల్లో

పియానో కొనబోయేవాళ్లు దుకాణంలో కూర్చోగానే తమకొచ్చిన పాటంతా గబగబా వాయించేస్తారు. దానికంటే ముందు ఒక్క స్వరం వాయించి చూడండి. మెట్ల వరుసలో నడిమి ‘సి’ని నొక్కి, వేలు తియ్యకుండా, ధ్వని పూర్తిగా అణిగేదాకా వినండి. సుత్తి తీగను తాకిన క్షణం, ఆ వెంటనే నాదం విచ్చుకునే తీరు, ఆపైన సన్నబడుతూ సాగే దారి. ఈ మూడూ వింటే ఆ వాద్యం గుణం తెలిసిపోతుంది.

యమహా, కవాయ్ అనే రెండు జపాన్ పియానోలను ఇలాగే విని చూడండి. యమహాలో ఆ తాకిడే అందం. స్వరం పుట్టడమే తేటగా పుడుతుంది. తారస్థాయికి వెళ్లేకొద్దీ ఆ తేటదనం మెరుపెక్కుతుంది. వేళ్లు ఎంత వేగంగా పరుగెత్తినా స్వరాలు ఒకదాని మీద ఒకటి పడవు. బాహ్ రచనలో నాలుగు గొంతులు కలిసి నడుస్తుంటే నాలుగూ విడివిడిగా చెవిన పడతాయి. కవాయ్‌లో తాకిడి మెత్తన. స్వరం లిప్తపాటు తటపటాయించి, అప్పుడు నిండుగా వికసిస్తుంది. కుడి పెడల్ తొక్కిపట్టి మంద్రస్థాయిలో ఒక్క స్వరం వాయిస్తే, తంబుర పక్కన కూర్చున్నప్పుడు ఒంటికి తగిలే నాదం లాంటిదే గదంతా పరుచుకుంటుంది. షూబర్ట్ నెమ్మది రచనలు ఈ పియానో మీద వింటుంటే మనసు కరిగిపోతుంది. ఎంత విన్నా నాకు తనివి తీరదు.

ఇంత వేరైన ఈ రెండు గొంతులకూ మూలం ఒకే కార్ఖానా. టోక్యోకూ నగోయాకూ నడుమ, షిజుఓకా ప్రాంతంలోని హమామత్సు దాని ఊరు. 1887లో అక్కడి ప్రాథమిక పాఠశాలలో పాడైన రీడ్ ఆర్గన్‌ను బాగుచెయ్యడానికి తొరకుసు యమహాను పిలిచారు. దాన్ని విప్పిచూసిన మనిషి తనే ఒకటి చెయ్యగలననుకున్నాడు, చేశాడు కూడా. తోడుమనిషితో కలిసి దాన్ని కర్రకు కట్టి భుజాన మోస్తూ హకొనె కొండలు దాటి టోక్యోలోని సంగీత పాఠశాలకు చేర్చాడు. శ్రుతి సరిగ్గా లేదని అక్కడ తేల్చారు. ఆయన అక్కడే ఉండి సంగీతశాస్త్రం నేర్చుకుని, ఊరికి తిరిగొచ్చి రెండో ఆర్గన్ చేశాడు. యమహా స్వరంలోని నిక్కచ్చితనం విన్నప్పుడల్లా నాకు ఆ పట్టుదలే గుర్తొస్తుంది.

ఆయన కంపెనీ నిప్పాన్ గక్కి 1897లో ఏర్పడింది. తొలి అప్‌రైట్ పియానో 1900లో వచ్చింది. అక్కడ చిన్నతనం నుంచే పనిచేసి, సుత్తులను కదిలించే యంత్రాంగంలో ఆరితేరినవాడు కొయిచి కవాయ్. 1927లో అదే ఊళ్లో సొంత సంస్థ పెట్టాడు. గురువు దగ్గర నేర్చిన విద్యే, పలికించిన నాదం మాత్రం తనది.

స్పర్శలోనూ ఆ తేడా ఉంది. ఒక మెట్టును వీలైనంత నెమ్మదిగా కిందికి నొక్కండి. అడుగుకు చేరబోయే ముందు వేలికి చిన్న అడ్డు తగులుతుంది. సుత్తి యంత్రాంగం పట్టు వదిలించుకుని స్వేచ్ఛగా తీగవైపు ఎగిరే చోటు అదే. అతి సున్నితమైన స్వరాలన్నీ అక్కడే పలుకుతాయి. ఈ యంత్రాంగంలోని భాగాలకు యమహా చెక్కనే నమ్ముకుంది. కవాయ్ 1970ల నుంచి వీటిలో చాలావాటిని ఏబీఎస్ ప్లాస్టిక్‌తో చేసింది, తర్వాత దానికి కార్బన్ కలిపింది. ఈ భాగాలు చెమ్మకు ఉబ్బవు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో అది చిన్న మేలు కాదు. అయితే నాదాన్ని పెంచే స్ప్రూస్ పలక రెండింటిలోనూ చెక్కే కాబట్టి ఇంట్లో తేమను అదుపులో ఉంచక తప్పదు.

గ్లెన్ గూల్డ్ 1981లో న్యూయార్క్‌లో గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్‌ను మళ్లీ రికార్డు చేసింది యమహా గ్రాండ్ మీదే. ఒక్కో స్వరాన్నీ విడదీసి చూపే ఆ వేళ్లకు అంతకంటే తగిన వాద్యం లేదు. 2021 షోపేన్ పోటీలో రెండో బహుమతి అందుకున్నవారిలో ఒకరైన అలెగ్జాండర్ గాజియెవ్ వాయించింది కవాయ్ సంస్థ గ్రాండ్ పియానో అయిన ‘షిగెరు కవాయ్’. ఈ రెండు రికార్డింగులూ వరసగా వినండి, నేను చెప్పేది తేటపడుతుంది.

అప్‌రైట్ పియానోలను పోల్చేటప్పుడు ఎత్తు దాదాపు సమానంగా ఉన్నవాటినే పోల్చాలి. 121 సెంటీమీటర్ల యమహా యు1 పక్కన 122 సెంటీమీటర్ల కవాయ్ కె-300ను, 131 సెంటీమీటర్ల యు3 పక్కన 130 సెంటీమీటర్ల కె-500ను పెట్టి వినండి. ఎత్తైన పియానోలోని పొడవాటి తీగకు మంద్రం నిండుగా పలుకుతుంది. పాత యు1 కీచుమంటే వెంటనే పేరును తప్పుపట్టకండి. సుత్తి తలమీది ఉన్ని ఫెల్ట్ గట్టిపడి ఉండొచ్చు. చెయ్యి తిరిగిన నిపుణుడు సన్నని సూదులతో ఆ ఉన్నిని గుచ్చి వదులు చేస్తే కరకుదనం తగ్గి స్వరం గుండ్రబడుతుంది. పాతవాటిలో నిజంగా భయపడాల్సింది బిరడాల గురించి. దాదాపు 20 టన్నుల బిగువును పట్టి ఉంచే ఆ ఉక్కు బిరడాలు వదులైతే శ్రుతి నిలవదు. లోపలి సీరియల్ నంబరును బట్టి తయారైన సంవత్సరం తెలుసుకోండి, శ్రుతి చేసే మనిషిని వెంట తీసుకెళ్లండి.

పరీక్షలకూ పోటీలకూ సాధన చేసే పిల్లలకు యమహా కొనివ్వండి, తప్పు చేస్తే దాచకుండా వినిపిస్తుంది. పనులన్నీ ముగిశాక తనకోసం వాయించుకునే మనిషికి మాత్రం నా ఓటు కవాయ్ కె-500కే.