సముద్రంలో మునగని ఎలుగుబంటి

సప్తర్షి మండలం ఉత్తరాకాశంలో ఏడు చుక్కల గరిటెలా కనిపిస్తుంది. గిన్నె అంచు నుంచి కాడ చివరి దాకా క్రతువు, పులహుడు, పులస్త్యుడు, అత్రి, అంగిరసుడు, వసిష్ఠుడు, మరీచి ఇందులోని ఋషులు. గ్రీకులకు మాత్రం ఇది పెద్ద ఎలుగుబంటిలో ఒక భాగం. జూస్ మోహించిన కల్లిస్టోను అతని భార్య హీరా ఎలుగుబంటిగా మార్చింది. ఆమె ఆకాశానికి చేరాక కూడా కోపం చల్లారక, ఆమెను సముద్రంలో మునగనివ్వొద్దని సముద్ర దేవతలను కోరింది. ఇది వట్టి కట్టుకథ కాదు, నిశితమైన పరిశీలన. ప్రాచీన గ్రీసు నుంచి చూస్తే ఈ చుక్కలు అస్తమించకుండా ఆకాశపు ఉత్తర ధ్రువం చుట్టూనే తిరిగేవి. తెలుగునేల భూమధ్యరేఖకు దగ్గర కనుక ఇక్కడ అవి దిగంతం కిందికి దిగిపోతాయి.

నావికులకు ఉపయోగపడింది ఈ పరిశీలనే. ఎలుగుబంటిని ఎడమచేతి వైపు ఉంచుకొని సాగమని హోమర్ కావ్యంలో కాలిప్సో ఒడిస్సియస్‌కు చెబుతుంది. అంటే తూర్పుకు వెళ్లమని. పులహుడి నుంచి క్రతువు మీదుగా గీత గీసి, ఆ రెంటి నడుమ దూరానికి అయిదు రెట్లు ముందుకు సాగితే ధ్రువ నక్షత్రం దొరుకుతుంది. దిగంతం నుంచి దాని ఎత్తు ఎన్ని డిగ్రీలో, చూసేవారి అక్షాంశం ఇంచుమించు అంతే. హైదరాబాద్‌లో అది సుమారు 17 డిగ్రీలు.

హిందూ మహాసముద్రంలో అరబ్బు నావికులు ఈ ఎత్తును ‘కమాల్’తో కొలిచేవారు. అది చిన్న చెక్కపలక. దాని మధ్య నుంచి ముడులు వేసిన దారం ఉంటుంది. ఒక్కో ముడి ఒక్కో రేవు అక్షాంశానికి గుర్తు. చేరాల్సిన రేవు ముడిని పళ్లతో పట్టి దారాన్ని బిగించినప్పుడు, పలక కింది అంచు దిగంతానికి, పై అంచు ధ్రువుడికి ఆనాలి. అలా ఆనేదాకా ఉత్తరానికో దక్షిణానికో నడిపి, ఆపైన అదే అక్షాంశం మీద తూర్పుకో పడమరకో సాగితే రేవు తగిలేది. ఇంత తక్కువ సరంజామాతో ఇంత పెద్ద సముద్రాన్ని దాటించిన ఉపాయం అరుదు.

మళ్లీ సప్తర్షుల దగ్గరికి వస్తే, వసిష్ఠుడి పక్కనే మసకగా ఉండే చుక్క అరుంధతి. టెలిస్కోపులో వసిష్ఠుడొక్కడే జంట నక్షత్రంగా కనిపిస్తాడు. కాంతిని విశ్లేషిస్తే ఆ జంటలో ప్రతిదీ మళ్లీ జంటే. తెలుగు పెళ్లిళ్లలో వధూవరులకు అరుంధతిని చూపిస్తారు. పగటి ముహూర్తాల్లో చుక్క కనిపించదు కనుక ఆ తంతు వేలు చూపడంతోనే ముగుస్తోంది. ఏప్రిల్ చివర, మే మొదట్లో రాత్రి తొమ్మిదింటికి సప్తర్షులు ఉత్తరాన బాగా ఎత్తులో ఉంటారు. వైశాఖంలో పెళ్లయిన జంటను ఆ వేళ మేడ మీదికి తీసుకెళ్లి, నిజమైన అరుంధతిని చూపించండి.