స్థాలీపులాక న్యాయము

కుండలోని యన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునని మన గృహిణులందఱు నెఱుగుదురు. శాస్త్రకారులు దీనినే స్థాలీపులాక న్యాయమనిరి. బియ్యమంతయు ఒకే కుండలో, ఒకే నీటిలో, ఒకే మంటపై నుండుటచే ఈ న్యాయము చెల్లుచున్నది. మనుష్యుని చదువు విషయమున నిది యెంతవఱకు చెల్లును? అమెరికా సంయుక్త రాష్ట్రములలోని కమ్యూనిటీ కళాశాలలు చాలకాలము ఈ ప్రశ్నకు తప్పు సమాధానమే చెప్పినవని నా యభిప్రాయము.

ఈ కళాశాలల స్వరూపమును మొదట తెలిసికొందము. ఇల్లినాయి రాష్ట్రమున 1901లో స్థాపింపబడిన జోలియెట్ జూనియర్ కళాశాల, నేటికిని నిలిచియున్న వీనిలో మొదటి ప్రభుత్వ సంస్థ. రెండేండ్ల చదువు, తక్కువ రుసుము, చేరదలచినవారికి తెఱచిన ద్వారము వీని లక్షణములు. పగలు పనిచేసి సాయంకాలము చదువుకొను కార్మికులును, బిడ్డలను పెంచిన పిదప మరల పుస్తకము చేపట్టు తల్లులును ఇచ్చట చేరుదురు. ఇచ్చట కొంత చదివి విశ్వవిద్యాలయమునకు పోవువారును పెక్కండ్రు.

ఐనను ఆ తెఱచిన ద్వారము వెనుక మఱియొక ద్వారము మూసియుండెడిది. అదియే స్థాననిర్ణయ పరీక్ష. క్రొత్తగా చేరినవారిని కంప్యూటరు నెదుట కూర్చుండబెట్టి గణితములోను, ఇంగ్లీషులోను పరీక్షించెడివారు. అక్యూప్లేసర్, కంపాస్ అనునవి యిట్టి పరీక్షలలో ప్రసిద్ధములు. నిర్ణీతమైన మార్కులు రానివారు ముందుగా సన్నాహ తరగతులు చదువవలెను. వానికి రుసుము చెల్లింపవలసినదే కాని అవి పట్టమునకు లెక్కకు రావు. ఆ పరీక్ష తమ యేండ్లను నిర్ణయించునని తెలియక, ఏ సిద్ధమును లేక వ్రాసినవారనేకులు.

సన్నాహ తరగతులు మూడు మెట్లుగా నున్నవనుకొందము. ఒక్కొక్క మెట్టున నూటికి 70 మంది చొప్పున ముందునకు సాగిరనుకొన్నను, మొదటి మెట్టు దాటువారు 70 మంది, రెండవది దాటువారు 49 మంది, మూడవది దాటువారు 34 మంది. అసలు చదువింకను ఆరంభమే కాలేదు! ఇది ఊహించిన లెక్కయైనను నిజము దీనికి దూరముగా లేదు. సన్నాహ తరగతులకు పంపబడినవారిలో సగముకంటె తక్కువమందియే వానిని పూర్తిచేయుచుండిరనియు, సుమారు నూటికి 30 మంది ఒక్క తరగతిలోనైనను చేరకుండిరనియు 2010లో ప్రకటితమైన యొక పరిశోధన తెలిపినది.

పరీక్షయైనను సరిగా తూచినదా? జూడిత్ స్కాట్-క్లేటన్, మఱి యిద్దఱు పరిశోధకులు 2014లో ప్రకటించిన వ్యాసమును బట్టి, గణిత పరీక్ష వ్రాసినవారిలో సుమారు నాలుగింట నొకవంతు, ఇంగ్లీషు పరీక్ష వ్రాసినవారిలో సుమారు మూడింట నొకవంతు తమకు తగని స్థానములలో పడిరి. పై తరగతిలో చక్కగా నెగ్గగలవారిని క్రిందికి త్రోయుటయే వీనిలో నెక్కువ. ఉన్నత పాఠశాలలో పెక్కేండ్లు సంపాదించిన మార్కులు ఇంతకంటె నమ్మదగినవని తేలినది. ఒకనాటి పరీక్ష జ్ఞాపకమును చూచును. ఏండ్ల మార్కులు శ్రద్ధను, ఓర్పును, పని ముగించు నలవాటును గూడ చూపును.

ఇట్టి తప్పు ఇంతకాలమేల నిలిచినది? తగనివానిని పై తరగతిలో కూర్చుండబెట్టినచో వాడు తప్పును. ఆ తప్పు అందఱ కంటను పడును. తగినవానిని క్రింద కూర్చుండబెట్టినచో వాడు పైతరగతిలో నెగ్గియుండునని నిరూపించు నవకాశమే వానికి లేదు. విసిగి కళాశాల విడిచిపోయినచో, వానికి చదువు రాదన్న పరీక్ష మాటయే నిజమైనట్లు తోచును. తన తప్పును తానే కప్పిపుచ్చుకొను పరీక్షను ఉపాధ్యాయులు ముఖ్యముగా శంకింపవలెను.

"పునాది లేక గోడ యెట్లు నిలుచును?" అని కొందఱడుగుదురు. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. నిజముగా వెనుకబడినవారు గలరు. వారిని పైతరగతిలోనే యుంచి, దానితోపాటు అదనపు బోధన నిచ్చుట మేలైన మార్గము. ఫ్లారిడా 2013లో శాసనముచేసి, ఇటీవల అచ్చటి ప్రభుత్వ పాఠశాలల నుండి వచ్చిన విద్యార్థులలో పెక్కండ్రకు ఈ పరీక్షను ఐచ్ఛికము చేసినది. కంపాస్ పరీక్ష 2016లో నిలిపివేయబడినది. కాలిఫోర్నియా 2017లో చేసిన శాసనము పాఠశాల మార్కులకు ప్రాధాన్యమిచ్చి, ఆ మార్కుల పత్రములు దొరకనివారు సలహాతో తమ స్థానమును తామే యెన్నుకొనుటకు వీలుకల్పించినది. ఇరువదియేండ్ల తరువాత చదువునకు మరలిన తల్లికి ఈ నియమమెంత యుపకారమో చెప్పనక్కఱలేదు.

ఐనను పరీక్ష నెత్తివేసి, బోధనకు ధనమీయని కళాశాల పని సగమే చేసినది. తోడు లేక పైతరగతిలో తప్పిన విద్యార్థికి సంస్కరణము వలన కలిగిన లాభమేమి? ప్రశ్నపత్రమునకు పెట్టిన వ్యయమును ఉపాధ్యాయుని వేళకు పెట్టినప్పుడే ఈ సంస్కరణము ఫలించును. ఉడకని మెతుకు కనబడినచో వంట యెఱిగిన గృహిణి కుండను దింపి యావల పెట్టదు. మంట నెగద్రోసి మఱికొంత నీరు పోయును.