ఉప్పుమళ్ళును ఉప్పుపాఠమును

శాస్త్రము చదివినవానికిని చదువనివానికిని గల భేదము పేరులు చెప్పుటయందు లేదు. కన్నులయెదుట జరుగుచున్న పనికి కారణము చెప్పుటయందున్నది. ఈ కొలతతో మన ఉన్నత పాఠశాలలయందలి రసాయనశాస్త్ర పాఠము నొకదానిని పరీక్షింప దలచితిమి. అది పదవ తరగతి విద్యార్థులు చదువు ఆమ్లములు, క్షారములు, లవణములు అను పాఠము. పరీక్షకై మేమెన్నుకొన్న స్థలము నెల్లూరి సముద్రతీరము. ఉప్పునుగూర్చిన పాఠమును ఉప్పు పండుచోట నిలిచి చదివిచూచుట న్యాయమేగదా.

2024-25 విద్యాసంవత్సరమునుండి ఆంధ్రప్రదేశమున పదవ తరగతికి జాతీయ మండలివారి పాఠ్యక్రమము వచ్చినది. అందలి యీ పాఠము చెడ్డదని మేమనము. పసుపు మరకకు సబ్బు తగిలినప్పుడు ఎఱ్ఱబాఱుటను చూపి సూచిక యననేమో తెలుపుచున్నది. నోటిలో పీహెచ్ 5.5 కంటె తగ్గినచో పంటిపైపొర చెడ నారంభించునని చెప్పుచున్నది. ఇవి వంటయింటికిని పడకయింటికిని సంబంధించిన విషయములు. ఇట్టివానితో శాస్త్రము నారంభించుట మెచ్చదగినపని.

కాని ఉప్పు దగ్గఱకు వచ్చునప్పటికి గ్రంథము తొందరపడినది. దండియాత్రను జ్ఞప్తికి దెచ్చినది. సముద్రజలమున పెక్కులవణములు కరగియున్నవనియు, వానినుండి సోడియం క్లోరైడును వేరుచేయుదురనియు చెప్పినది. గనులలో దొరకు ఉప్పునుగూర్చి నాలుగు మాటలాడి, వెంటనే ఉప్పునీటిలో విద్యుత్తును పంపి కాస్టిక్ సోడాను తీయు కర్మాగారమునకు పోయినది. ఎట్లు వేరుచేయుదురు? ఈ ప్రశ్నకు సమాధానము లేదు. ఇసకపల్లి బాలునకో, కృష్ణపట్నపు బాలికకో కలుగవలసిన సందేహమిది: నీటిలో ఇన్ని లవణములుండగా, నీరెండిన పిమ్మట అన్నియు కలిసియే మిగులవలెనుగదా, మన కూరలో పడు తెల్లని ఉప్పు ఒక్కటియే విడిగా ఎట్లు వచ్చినది? శాస్త్రమునకు ఆరంభము ఈ సందేహమే. గ్రంథము దానిని పుట్టనీయలేదు.

సమాధానము ఉప్పుమళ్ళలోనే కలదు. ఒక కిలోగ్రాము సముద్రజలమున సుమారు 35 గ్రాముల లవణములుండును. అందు నాలుగింట మూడువంతులకు పైగా సోడియం క్లోరైడే. ఈశాన్యఋతుపవనపు వానలు వెనుకబట్టిన తరువాత ఆ నీటిని ఒక మడినుండి మఱియొక మడికి పాఱించుచు ఎండకు వదలుదురు. నీటి చిక్కదనమును బామే డిగ్రీలతో కొలతురు. సముద్రజలము ఇంచుమించు 3 డిగ్రీలు. నీరు ఇంకుచుండగా మొదట సున్నపుఖనిజమైన కాల్షియం కార్బొనేటు అడుగుబట్టును. నీరు అయిదవ వంతునకు దిగునప్పటికి జిప్సము వేరుపడ నారంభించును. పదవ వంతునకు దిగి, కొలత 25 డిగ్రీలు దాటినప్పుడుగాని వంట ఉప్పు స్ఫటికములు కట్టదు. 29, 30 డిగ్రీల ప్రాంతమున పనివారు మిగిలిన నీటిని తీసివేయుదురు. అది చేదునీరు, అందు మెగ్నీషియం లవణములు నిలిచియుండును. దానిని కూడ ఎండనిచ్చినచో ఉప్పు చేదగును. మెగ్నీషియం క్లోరైడు గాలిలోని తేమను పీల్చును గనుక వానకాలమున ఉప్పుజాడీలో నీరూరును. ఏ లవణము తక్కువ కరగునో అది ముందుగాను, ఎక్కువ కరగునది వెనుకగాను బయటికి వచ్చును. ఇదియే వేరుచేయుటలోని రహస్యము.

ఇప్పుడు పాఠము నింకొకసారి తిరుగవేయుడు. జిప్సము అందున్నది. ఉప్పు తరువాత కొన్ని పుటలకు, విఱిగిన యెముకకు కట్టు కట్టు ప్లాస్టరు నిమిత్తము, స్ఫటికజలమునకు ఉదాహరణముగా అది కనబడును. చదువు పిల్లవాడు ఈ జిప్సమునకును ఆ ఉప్పునకును సంబంధమేమియు లేదనుకొనును. వాస్తవమునకు ఒకే సముద్రజలమున జిప్సము ముందుపుట్టినది, ఉప్పు వెనుకపుట్టినది. రెండు తోబుట్టువులను రెండు పుటలలో పరాయివారినిగా నిలిపిన దోషము ఈ పాఠమునందు ముఖ్యమైనదని మా యభిప్రాయము.

ఇంటర్మీడియటు తరగతిలో ఈ దోషము పెరుగును. సంతృప్తద్రావణము, ద్రావణీయతా లబ్ధము, సమాన అయాను ప్రభావము అను పెద్దమాటలు అచ్చట వచ్చును. ఉప్పుమడిలో ఇవన్నియు నడచుచున్నవి. చేదునీటిలో మెగ్నీషియం క్లోరైడు తెచ్చిన క్లోరైడు అయానులు పెరిగినకొలది వంట ఉప్పు నీటిలో నిలువలేక బయటపడును. సమాన అయాను ప్రభావమనగా నిదియే. చల్లార్చి ఉప్పును తీయరాదా అని అడిగిన పిల్లవానికిని ఉత్తరము కలదు. నూరు గ్రాముల నీటిలో మామూలు వేడిమివద్ద 36 గ్రాముల ఉప్పు కరగును, మరుగు నీటిలో 39 గ్రాములు మాత్రమే. చల్లార్చిన లాభమేమి? ఎండయే శరణ్యము.

ఉప్పుమళ్ళ ప్రక్కనే నేడు రొయ్యల చెరువులున్నవి. అందును ఇదే కథ. చెరువులో అమ్మోనియా రెండు రూపములనుండును: అమ్మోనియం అయాను అంతగా హానిచేయదు, అమ్మోనియా వాయువు రొయ్యకు విషము. పీహెచ్ పెరిగినకొలది సమతాస్థితి విషమువైపు జరుగును. మధ్యాహ్నము నాచు నీటిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించుటచే పీహెచ్ పెరుగును. అందుచేత తండ్రి ఉదయమును సాయంకాలమును నీటిని పరీక్షించును. కుమార్తె ఇంటిలో పీహెచ్‌కు సూత్రమును, లీ షాట్లియర్ నియమమును వల్లించును. ఒకరు చేయుచున్నదే మఱియొకరు చదువుచున్నారని ఆ యిద్దరిలో నెవ్వరికిని తెలియదు.

దేశమంతటికి వ్రాసిన గ్రంథము ప్రతి తీరమునుగూర్చి చెప్పగలదా యని కొందఱనవచ్చును. ఇదే పాఠమున కొండప్రాంతముల దురదగొండిజాతి మొక్క యొకటియు, దాని మంటను పోగొట్టు వేఱొక యాకును చోటు సంపాదించుకొన్నవి. అది తగినపనియే, కొండబిడ్డకు ఆ మాట కావలెను. మన బిడ్డకును ఒక మాట కావలెను. నాలుగు పుటల అనుబంధమును రాష్ట్రమువారు చేర్చినచో సరిపోవును. తెలుగున చెప్పవలెనా, ఇంగ్లీషున చెప్పవలెనా యను వివాదముకూడ ఈ సందర్భమున వచ్చును. కొమఱ్ఱాజు లక్ష్మణరావు మొదలగువారు 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి తెలుగున శాస్త్రగ్రంథములను వెలువరింప బూనినది పారిభాషికపదముల కొఱకు మాత్రమే కాదు. సామాన్యుని యింటికి శాస్త్రము రావలెనని. వస్తువును చూపనిచో సమతాస్థితి యన్నను ఈక్విలిబ్రియం అన్నను ఒకటే శూన్యము.

ఈ లోపమువలన కలుగు నష్టము మార్కులలో కనబడదు. మడిలో నీటిని ఎప్పుడు తీయవలెనో ఎఱిగిన తండ్రి తెలివి గ్రంథమున కానరాకపోవుటచే, అది తెలివియే కాదని బిడ్డ నమ్మును. బడి విద్యతోబాటు ఇంటిపనియెడ చిన్నచూపును నేర్పినట్లగును. తండ్రి అనుభవమునకు కారణము చెప్పగల బిడ్డయే ఆ పనిని బాగుచేయగలడు. చెప్పలేనివాడు దానిని విడిచిపోవుటకు మాత్రమే చదువును.

అనుబంధము అచ్చగువఱకు మన గృహిణులు వేచియుండ నక్కఱలేదు. గళ్ళ ఉప్పును నీటిలో కరగించి, గుడ్డలో వడకట్టి, పళ్ళెములో పోసి ఎండబెట్టింపుడు. నీరు పూర్తిగా ఇంకకముందే మిగిలిన కొంచెమును పాఱబోయింపుడు. ఆ స్ఫటికములను ఒక గిన్నెలోను, మొదటి ఉప్పును వేఱొక గిన్నెలోను ఉంచి వానకాలమున ఏది ముందు చెమర్చునో పిల్లలచేత చూపింపుడు. కారణమేమని వారినే అడుగుడు. పాఠము అచ్చటనుండి మొదలగును.